నల్లరేగడిలో కొత్త పెరడు: తెలుసుకోదగ్గ విశేషాలు

హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. గుంటూరు ఎత్తు ముప్పై మీటర్ల చిల్లర. 2016లో సచివాలయం వెలగపూడికి తరలినప్పుడు వేల కుటుంబాలు ఆ ఎత్తు నుంచి ఈ మైదానానికి దిగివచ్చాయి. అక్కడ వేసవిలోనూ తెల్లవారుజాముకు గాలి కాస్త చల్లబడుతుంది. నేల ఎక్కువచోట్ల ఎర్ర చల్కా, పోసిన నీరు ఇట్టే ఇంకిపోతుంది. ఇక్కడ మే నెల రాత్రులు ఉక్కపోతతో గడుస్తాయి, నేల నల్లరేగడి. అవే వంగ, టమాటా, బెండ విత్తనాలు తెచ్చి వేసినా ఇక్కడ అవి నడిచే దారి వేరు. గోరంట్లలోనో నంబూరులోనో, మంగళగిరిలోనో నరసరావుపేటలోనో, ఒంగోలు శివారు త్రోవగుంటలోనో కొత్తగా ఇల్లు కట్టుకుని పెరట్లో నాలుగు పాదులు పెట్టుకోవాలనుకునేవారు ముందుగా పరిచయం చేసుకోవాల్సింది విత్తనాల కొట్టును కాదు, కాళ్ల కింది మట్టిని.

తనను తాను దున్నుకునే నేల

నల్లరేగడి మార్చి నుంచే నెర్రెలివ్వడం మొదలుపెడుతుంది. మే వచ్చేసరికి ఆ నెర్రెలు మీటరు లోతుకు కూడా దిగుతాయి. ఈ మట్టిలో ఎక్కువగా ఉండే మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకమన్ను నీరు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. ఎండాకాలంలో పైనున్న పొడిమట్టి రాలి నెర్రెల్లోకి జారుతుంది. తొలకరికి నేల ఉబ్బినప్పుడు లోపలి మట్టి ఒత్తిడికి పైకి నెట్టుకొస్తుంది. ఇలా ఏటా పైమట్టి కిందికి, కిందిమట్టి పైకి తిరుగుతూ ఉంటుంది. నాగలి పెట్టకుండానే తనను తాను దున్నుకునే నేలలు ప్రపంచంలో అరుదు. మన మైదానం వాటిలో ఒకటి.

తోట పెట్టేవారికి ఇందులో రెండు సంగతులు ముఖ్యం. మొదటి వాన నెర్రెల్లోంచి సూటిగా లోతుకు పోతుంది, పైన తడిసినట్టే కనపడదు. నెర్రెలు మూసుకుపోయాక మాత్రం నేల నీటిని దాదాపు లోపలికి రానివ్వదు. వాన వెలిసి రెండు రోజులైనా మడిలో నీరు నిలిచే ఉంటుంది, వేరు గాలాడక కుళ్లుతుంది. అందుకే ఇక్కడ పల్లపు మడులు కట్టి మొక్కలు నాటడం ప్రమాదం. అడుగు ఎత్తు బోదెలు వేసి బోదె మీద నాటాలి, కాలువలోంచి అదనపు నీరు బయటికి పోయే దారి ఉండాలి. ఈ ఒక్క పని చేస్తే మొదటి ఏడాది పోయే మొక్కల్లో సగం బతుకుతాయన్నది నా నమ్మకం.

రెండోది పదును. తడిగా ఉన్నప్పుడు తవ్వితే పార నిండా బంక. ఎండాక తవ్వితే గడ్డపలుగు కూడా ఎగిరిపడుతుంది. ఈ రెంటికీ మధ్య, వాన వెలిసిన రెండు మూడు రోజుల తర్వాత, పిడికిట్లో పట్టిన మట్టి ముద్దయ్యి వేలితో నొక్కితే పొడిగా విడిపోయే సమయం ఒకటి వస్తుంది. రైతులు ఆ పదును కోసమే కాచుకుని కూర్చుంటారు. ఆదివారం సెలవు కదా అని తవ్వే నేల కాదిది.

మెరక కింద ఏముంది?

శివారు వెంచర్లలో చాలా ఇళ్ల పెరట్లో కనిపించేది అసలు ఆ ఊరి నేల కాదు. వానాకాలం నీరు నిలవకుండా, పునాది కదలకుండా గ్రావెల్‌తోనో ఎర్రమట్టితోనో మెరక తోలిస్తారు. కొండల నుంచి తవ్వి తెచ్చిన ఆ మట్టిలో సేంద్రియ పదార్థం నామమాత్రం. కట్టుబడి పూర్తయ్యాక దాని మీద సున్నం, సిమెంటు, ఇటుక ముక్కలు కూడా చేరతాయి. అందులో నాటిన మొక్క ఎర్ర నేలలోనూ లేనట్టే, నల్ల నేలలోనూ లేనట్టే. ముందు రెండడుగుల గొయ్యి తీసి చూడండి, ఏ పొర ఎక్కడ మొదలవుతుందో తెలుస్తుంది. మెరక మందంగా ఉంటే దాన్ని బాగుచేయబోవడం కంటే, దాని మీదే పశువుల ఎరువు, ఎండాకు, చెరువు మట్టి కలిపి అడుగున్నర ఎత్తు మడులు కట్టుకోవడం తేలిక.

చాలామంది బంకమట్టిలో ఇసుక కలిపితే గుల్లబారుతుందనుకుంటారు. కొద్దిపాటి ఇసుకతో ఆ పని జరగదు, మట్టి మరింత గట్టిపడే అవకాశమే ఎక్కువ. నల్లరేగడిని గుల్లబరిచేది ఎరువు, ఆకు, వేరు.

గోడకు దూరంగా

ఉబ్బి కుంగే ఈ నేల మీద ఇల్లు నిలబెట్టడానికి రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇంజనీర్లు అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేశారు. పునాది స్తంభం అడుగున గుండ్రటి ఉబ్బు వచ్చేలా కాంక్రీటు పోస్తారు. అది తేమ పెద్దగా మారని లోతులో పాదుకుని ఇంటిని పట్టుకుంటుంది. ఇంత కష్టపడి కట్టిన గోడ పక్కనే రోజూ నీళ్లు పోసే అరటి పాదు పెడితే ఒకవైపు నేల ఎప్పుడూ ఉబ్బి, రెండోవైపు ఎండి కుంగి, గోడకు బీట పడే ప్రమాదం ఉంది. పెద్ద చెట్లు వేసవిలో గోడ కింది తేమను లాగేస్తాయి, అదీ అంతే చేటు. మామిడి, సపోటా, పనస లాంటివి ప్రహరీ వైపుకు జరపండి. గోడ పక్కన కుండీలు చాలు.

డాలస్‌లోనూ ఇదే మట్టి

గుంటూరు నుంచి టెక్సస్ వెళ్లి ఫ్రిస్కోలోనో ప్లేనోలోనో ఇల్లు కొనుక్కున్నవారు పెరట్లో గునపం దించితే కనిపించేది దాదాపు ఈ నల్లరేగడే. టెక్సస్ రాష్ట్రానికి ప్రతీకగా చెప్పే నేల పేరు హూస్టన్ బ్లాక్. అది కూడా ఉబ్బి, నెర్రెలిచ్చే జాతే. అక్కడి బ్లాక్‌లాండ్ ప్రెయిరీలో ఈ మట్టి సుమారు 15 లక్షల ఎకరాల్లో పరుచుకుని ఉంది. పంతొమ్మిదో శతాబ్దం చివర అక్కడి రైతులు దాని మీద పండించిందీ పత్తే. ఇప్పటికీ డాలస్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఎండాకాలం పునాది చుట్టూ సన్న పైపులు పరిచి నేలకు నీళ్లు పెడతారు, గోడలు బీటలు వారకుండా.

మట్టి ఒకటే కానీ ఆకాశం వేరు. అక్కడ మార్చి మధ్య దాకా మంచు పడే భయం ఉంటుంది, నవంబరు చివర మళ్లీ మొదలవుతుంది. 2021 ఫిబ్రవరి 16న డాలస్-ఫోర్ట్‌వర్త్‌లో ఉష్ణోగ్రత మైనస్ 19 డిగ్రీల దాకా పడిపోయింది. కరివేపాకు కుండీలో ఉండి ఇంట్లోకి చేరకపోతే అలాంటి రాత్రిని తట్టుకోలేదు. గోంగూరది ఇంకో ఇబ్బంది. పగలు కురచబడితేనే పూతకొచ్చే మొక్క కనుక, పూత, కాయ, విత్తనం వచ్చే వేళకు అక్కడ చలి ముంచుకొస్తుంది. ఆకు మాత్రం వేసవంతా కావలసినంత. గుంటూరులో నేర్చుకున్న బోదె, పదును అక్కడ పనికొస్తాయి. కార్తెల లెక్క మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్లాలి.

ఒకే మైదానం, రెండు వానాకాలాలు

గుంటూరు ఏటా సగటున సుమారు 850 మిల్లీమీటర్ల వాన చూస్తుంది. అందులో పెద్ద భాగం నైరుతి ఋతుపవనాలదే, జూలై నుంచి సెప్టెంబరు దాకా. ఒంగోలు దగ్గరికి వచ్చేసరికి లెక్క మారుతుంది. అక్కడ భారీ వానలు అక్టోబరు, నవంబరుల్లో, ఈశాన్య ఋతుపవనాలతో, వాయుగుండాలతో వస్తాయి. గుంటూరు నుంచి ఒంగోలుకు కారులో రెండు గంటల దారి. అంత దగ్గర ఊళ్లలో విత్తే అదును మాత్రం వేరు. గుంటూరు వైపు ఆగస్టులో మిరప నారు నాటితే నైరుతి వాన వేరు పట్టిస్తుంది. ఒంగోలు వైపు అదే నెలలో నాటితే మొదట్లో నీళ్లు పోయాల్సి రావచ్చు, మొక్క ఎదిగి పూతకొచ్చే వేళ తుపాను వాన మీద పడవచ్చు. పక్క జిల్లా బంధువు చెప్పిన తేదీకి కాదు, మీ వీధిలో పాతకాపు చెప్పిన కార్తెకు విత్తండి.

1832–33లో, నందన నామ సంవత్సరంలో, ఈ మైదానంలో వాన తప్పినప్పుడు గుంటూరు సీమలో లక్షకు పైగా జనం చనిపోయారు. పైరంతా ఆకాశం మీద ఆధారపడిన రోజులవి. సాగర్ నీరు ఈ నేలకు చేరింది చాలా ఆలస్యంగా. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేస్తే, 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. 203 కిలోమీటర్ల కుడి ప్రధాన కాలువ గుంటూరు, ప్రకాశం మెట్టల మీదుగా సాగింది. ఈ రోజు మెట్ట ఊళ్లలో చాలాచోట్ల కుళాయి నీళ్లు ఈ కాలువ పుణ్యమే.

బోరు నీటిని మొక్క కంటే ముందు పరీక్షించండి

మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు, పళ్లు పాడయ్యే జబ్బును వైద్యులు మొదట నమోదు చేసిన ప్రాంతాల్లో దర్శి, పొదిలి, కనిగిరి ఉన్నాయి. అప్పటికి అవి నెల్లూరు జిల్లాలోవి. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే పరిశోధకులు దాన్ని వైద్య పత్రికలో వివరించారు. దున్నే ఎద్దుల కాళ్లు కదలకపోవడం చూసి అంతకుముందే రైతులు ఏదో తేడా ఉందని గుర్తించారు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల ముక్కలతో ఒంగోలు జిల్లా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు వచ్చింది. నీటి సమస్య మాత్రం జిల్లా పేరు మారినా అక్కడే ఉంది.

పెరటి తోటకు ఫ్లోరైడ్ కంటే ఉప్పుదనం ముందు దెబ్బ. చౌడు నీరు పోస్తే బీన్స్, మిరప నారు ఆకు అంచులు మాడిపోతాయి. బీట్‌రూట్, పాలకూర లాంటివి ఓర్చుకుంటాయి. దర్శి కృషి విజ్ఞాన కేంద్రం గానీ, గుంటూరు దగ్గరి లాం ఫారం గానీ మట్టి, నీరు పరీక్షకు దారి చూపుతాయి. మొక్కలకు పెట్టే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

లాం ఫారం

గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలో ఉన్న లాంలో 1922 నుంచి వ్యవసాయ పరిశోధన సాగుతోంది. మిరపలో ఎల్‌సీఏ అక్షరాలతో మొదలయ్యే రకాలన్నీ ఇక్కడివే. భాగ్యలక్ష్మి అనే జీ-4, భాస్కర్ అనే ఎల్‌సీఏ-235, ప్రకాశ్ అనే ఎల్‌సీఏ-206, ఆ తర్వాత విస్తారంగా పాకిన ఎల్‌సీఏ-334 ఈ మట్టిలోనే పుట్టాయి. రాష్ట్ర విభజన తర్వాత ఆచార్య ఎన్.జి.రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ప్రధాన కేంద్రం కూడా ఇక్కడికే వచ్చింది. రంగా పుట్టింది ఇదే సీమలోని నిడుబ్రోలులో. ఇంటికి హైబ్రిడ్ ప్యాకెట్ కొనే ముందు ఈ పాత రకాల విత్తనం దొరుకుతుందేమో అడగండి. హైబ్రిడ్ కాయ విత్తనం దాచి వేస్తే మళ్లీ అదే మొక్క రాదు, వీటిలో వస్తుంది. పక్కన వేరే మిరప ఉంటే మాత్రం తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. విత్తనానికి దాచుకునే మొక్కకు దోమతెర కప్పండి.

మిరప కూడా వలస వచ్చిందే

గుంటూరు పేరు చెబితే మిరప గుర్తొస్తుంది కానీ ఆ మొక్క స్వదేశం అమెరికా ఖండం. పోర్చుగీసు ఓడల్లో 16వ శతాబ్దంలో మన దేశం చేరింది. దానితో పాటు వచ్చినవి, ఆ తర్వాత వచ్చినవి తీసేస్తే మన పెరడు సగం ఖాళీ అవుతుంది. టమాటా, జామ, బొప్పాయి, సపోటా, సీతాఫలం, జీడిమామిడి, వేరుశనగ, మొక్కజొన్న అన్నీ సముద్రం దాటి వచ్చినవే. గుంటూరును వ్యాపార కేంద్రం చేసిన పొగాకూ అమెరికా ఖండానిదే. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కార్యాలయం ఇప్పటికీ గుంటూరులోనే ఉంది. ఆఖరికి ప్రకాశం బీడు భూములన్నీ ఆక్రమించిన సర్కారు తుమ్మను కూడా 1870ల్లో వంటచెరకు కోసం కడప జిల్లాలో తెచ్చి నాటారు. కొత్త వాతావరణంలో నిలదొక్కుకోవడం గురించి ఈ మొక్కలకు తెలిసినంత ఎవరికీ తెలియదు.

మిరపలోని క్యాప్సైసిన్ మంట మనుషులకు, పశువులకు, ఎలుకలకు తెలుస్తుంది, పక్షులకు తెలియదు. గింజను నమలకుండా మింగి దూరాలకు మోసుకెళ్లే పిట్టలకే మొక్క తన కాయను కేటాయించుకుంది. పెరట్లో పండుమిరపను చిలక కొట్టుకుపోతుంటే ఆశ్చర్యపోవక్కర్లేదు, కాయకు గుడ్డ సంచి తొడిగితే సరి.

మిరప ఆకు చెప్పే గుర్తు

మిరప ఆకు ముడుచుకుంటే ఈ మైదానంలో పిల్లలు కూడా పైముడతా, కింది ముడతా అని అడుగుతారు. అంచులు పైకి పడవలా లేస్తే తామర పురుగు. కిందికి వంగి కాడ సాగితే నల్లి. రెంటికీ మందు వేరు. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి లొంగదు, నల్లిని తినే మిత్ర పురుగులను చంపి దాన్ని పెంచే ప్రమాదం కూడా ఉంది. ఆకులు చిన్నవై, ఈనెలు ఉబ్బి మొక్క గిడసబారితే అది తెల్లదోమ మోసుకొచ్చే బొబ్బర వైరస్. ఆ మొక్కను పీకేయడం తప్ప దారి లేదు. జాలి పడి ఉంచితే మిగతా వాటికి అంటుతుంది.

2021–22 పంటకాలంలో వీటికి ఇంకొకటి తోడైంది. ఆగ్నేయాసియా నుంచి వచ్చిన నల్ల తామర పురుగు మన దేశంలో మొదట 2015లో బొప్పాయి మీద కనిపించింది. ఆరేళ్లకు గుంటూరు, ప్రకాశం, ఖమ్మం, వరంగల్ మిరప తోటల్లో పూతలోకి చేరి పూతంతా రాల్చేసింది. ఎకరాలకు ఎకరాలు దున్నేసిన రైతులున్నారు. ఒక్కో ఎకరం వెనక ఎంత అప్పు ఉందో తెలిసినవారికి ఆ ఏడాది మరిచిపోయేది కాదు. ఇంటి దగ్గర పది మొక్కలున్నవారు చేయగలిగింది నీలం రంగు జిగురు అట్టలు కట్టడం, వారానికోసారి వేప గింజల కషాయం చల్లడం, పూతను రోజూ తెల్లకాగితం మీద దులిపి చూడడం. కాగితం మీద నల్లటి సన్న నలుసులు పాకుతుంటే అదే.

పెరడు చుట్టూ మూడు నాలుగు వరుసల జొన్నో మొక్కజొన్నో వేయమని శాస్త్రవేత్తలు చెప్పేది తామర పురుగును, తెల్లదోమను అడ్డుకోవడానికే. మధ్యలో అక్కడక్కడా ఆముదం మొక్క వేస్తే పొగాకు లద్దె పురుగు గుడ్లు దాని మీదే పెడుతుంది, ఆ ఆకు తుంచేస్తే సరిపోతుంది. బంతి శనగపచ్చ పురుగును పూలలోకి లాగుతుంది.

బెండకు పత్తి దాయాది

బెండ, పత్తి, గోంగూర, మందార ఒకే కుటుంబం. పత్తి చేలకు వంద గజాల దూరంలో ఇల్లు కట్టుకుని బెండ వేసినవారి పెరట్లో పచ్చదోమ, తెల్లదోమ, మచ్చల కాయతొలుచు పురుగు ఎందుకు ముందుగా దిగుతాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. పొలంలో పంట ఎండే కొద్దీ అవి పచ్చగా ఉన్న చోటికి కదులుతాయి, ఆ పచ్చదనం మన పెరడే.

1980ల మధ్యలో తెల్లదోమ గుంటూరు, ప్రకాశం పత్తిని తుడిచిపెట్టింది. కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను విచ్చలవిడిగా కొట్టడం వల్ల దాన్ని అదుపులో ఉంచే పురుగులు చచ్చిపోయాయి. దశాబ్దం చివరికి శనగపచ్చ పురుగు కూడా అవే మందులకు లొంగకుండా పోయింది. ఈ నేల పురుగుమందు గురించి నేర్చుకున్న పాఠానికి రైతులు ప్రాణాలతో ఖరీదు కట్టారు. ఇంటి పిల్లలు కోసుకు తినే తోటలో ఆ డబ్బా మూత తీయకండి. ఇంత మాత్రం గట్టిగా చెప్పగలను.

రోహిణి కార్తె, టమాటా పూత

పల్నాడు రెంటచింతలలో మే నెల ఎండ రాష్ట్రంలోనే పేరుమోసింది. పగలు 35, రాత్రి 25 డిగ్రీలు దాటితే టమాటా పుప్పొడి చెడిపోతుంది, పూత రాలిపోతుంది. ఏప్రిల్ నుంచి ఇక్కడ రోజూ జరిగేది అదే. నీళ్లెక్కువ పోస్తే పూత నిలవదు, ఎరువేస్తే అసలే నిలవదు. అది మొక్క తప్పు కాదు, కాలం అది కాదు. టమాటాను అక్టోబరులో నాటి ఫిబ్రవరికి కోత ముగించుకునేలా చూసుకోవాలి. ఎండకు 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ నారుకు, ఆకుకూరలకు మేలు. పండ్లు కాసే మొక్కలకు అది నీడ ఎక్కువే.

ఏప్రిల్, మే నెలలకు వేరే మొక్కలున్నాయి. తోటకూర ఎండను మరింత సమర్థంగా వాడుకునే సీ4 జాతి మొక్క, జొన్న లాంటిదే. మిగతావి వాడిపోయే మధ్యాహ్నం అది ఆకు పెంచుకుంటుంది. గోరుచిక్కుడు, గోంగూర, బెండ, దోస, బీర వేసవి కాపువే. రోహిణిలో రోళ్లు పగులుతాయన్న సామెత నిజమనిపించే ఈ సీమలో పడమటి గాలి వైపు కందినో ఆముదాన్నో వరసగా పెంచి తడిక కట్టుకుంటే మొక్కలు వడగాలికి మాడకుండా ఉంటాయి.

మొదటి ఏడాది కూర కంటే జనుము

కొత్త స్థలంలో నేను ఎవరికైనా చెప్పేది ఇది: తొలకరికి పెరడంతా జనుము, జీలుగ, పిల్లిపెసర కలిపి చల్లండి. జనుము పూతకొచ్చే నలభై అయిదు రోజులకు కోసి మట్టిలో కలపండి. జీలుగ చౌడును, నిలిచిన నీటిని కూడా ఓర్చుకుంటుంది. ఆ వేళ్లు బంకలోకి దారులు చేస్తాయి, గాలి నుంచి నత్రజనిని నేలకిస్తాయి. అక్టోబరుకల్లా ఆ నేలే మొదటి శీతాకాలం కూరలకు సిద్ధమవుతుంది.

గుంటూరులో కార్యాలయం ఉన్న రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రంలో ప్రకృతి వ్యవసాయాన్ని నడిపిస్తోంది. ఈ సాగును ప్రచారం చేసిన సుభాష్ పాలేకర్ చెప్పిన జీవామృతం దాని ప్రధాన సాధనం. ఎకరానికి చెప్పే కొలతను పదో వంతుకు తగ్గిస్తే ఇంటికి చాలు: 20 లీటర్ల నీరు, కిలో ఆవుపేడ, లీటరు మూత్రం, 200 గ్రాముల బెల్లం, 200 గ్రాముల శనగపిండి, గట్టు మీది పిడికెడు మట్టి. నీడన ఉంచి రెండు పూటలా కర్రతో కలుపుతూ రెండు రోజులు పులియనివ్వాలి. తడి నేల మీద పోస్తేనే పనిచేస్తుంది, ఎండిన మట్టిలో కాదు.

పేడ ఒంగోలు ఆవుదైతే అంతకంటే ఏం కావాలి! ఈ జాతి కూడా పరాయి వాతావరణంలో నెగ్గిందే. 1868లో ఒక ఓడలో బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవుకు చేరిన పశువులతో మొదలై, నెలోర్ పేరుతో ఈ రోజు ఆ దేశపు పశుసంపదలో పెద్ద భాగం ఈ జాతి సంతానమే.

బాపట్ల ఇసుక

రేగడి నుంచి తీరం వైపు గంట ప్రయాణం చేస్తే నేల పూర్తిగా మారిపోతుంది. బాపట్ల, చీరాల తీరాన ఇసుక. 1945లో అక్కడ మొదలైన వ్యవసాయ కళాశాల విద్యార్థులు ఈ ఇసుకలోనే మొదటి పాఠాలు నేర్చుకున్నారు. ఇసుక నేలలో నీళ్లు నిలవవు, ఎరువూ నిలవదు. కొద్దికొద్దిగా, తరచుగా రెండూ ఇవ్వాలి. మొక్కల మధ్య మెడ దాకా పూడ్చిన మట్టికుండ నింపి మూత పెడితే, దాని గోడల్లోంచి ఊరే తేమ వేళ్లకు అందుతుంది. క్రీస్తుకు పూర్వం ఒకటో శతాబ్దపు చైనా వ్యవసాయ గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. బాపట్ల శివారులో నాలుగు కుండలతో దోస పాదు వేసవి దాటుతుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. తీరం వైపు పెరట్లో బొప్పాయి, అరటి, మునగ ముందు పడతాయి. మునగను మూడడుగుల ఎత్తులో తుంచి కొమ్మలు పక్కలకు పెరిగేలా చేస్తే గాలికి విరగదు, కాయ చేతికందుతుంది. ఏటా కాపు అయ్యాక మళ్లీ నరికితే మరుసటి ఏడాది కొత్త కొమ్మ.

కరివేపాకు పసుపుబారితే

మంగళగిరి పక్కన పెదవడ్లపూడి పరిసరాల్లో కరివేపాకును చేలకు చేలు పండిస్తారు. అంత బాగా వచ్చే మొక్కే పక్క ఊళ్లో ఇంటి మెరకలో లేత ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం పచ్చగా మారి నిలబడుతుంది. నేలలో సున్నం ఎక్కువై ఇనుము మొక్కకు అందని స్థితి అది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు ఆకుల మీద చల్లితే కొత్త చిగురు పచ్చగా వస్తుంది.

సెంటు స్థలంలో

2020 డిసెంబరులో మొదలైన పేదల ఇళ్ల పట్టాల పంపిణీలో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే 48.4 గజాలు, ఇల్లు కట్టాక మిగిలే నేల దాదాపు లేనట్టే. వారికి మిద్దె ఉంది. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి హైదరాబాద్ శివారు నారపల్లిలో మిద్దె మీదే ఇంటికి కావలసిన కూరలు పండించి, చూడవచ్చిన వారికి నేర్పి ఎందరినో ఈ దారి పట్టించారు. గుంటూరు మిద్దె మీద రెండు జాగ్రత్తలు చాలు: నల్లకుండీలకు బదులు తెల్లవి, నల్లరేగడికి బదులు ఎర్రమట్టి, కంపోస్టు, కొబ్బరి పొట్టు మిశ్రమం. నల్లరేగడి కుండీలో ఎండి గోడ నుంచి విడిపోతుంది, పోసిన నీరు ఆ సందులోంచి కిందికి జారిపోతుంది, వేరు మాత్రం ఎండే ఉంటుంది.

సొంత ఎండుమిర్చి

ఆగస్టులో నాటిన పది పదిహేను మొక్కలు జనవరి నుంచి పండుతాయి. కాయ మొక్క మీదే బాగా ఎర్రబడ్డాక తొడిమతో సహా కోయాలి. తొడిమ ఊడితే ఆ రంధ్రంలోంచి బూజు లోపలికి పోతుంది. నేల మీద కాకుండా టార్పాలిన్ మీద పలచగా పరిచి, సాయంత్రం పోగుచేసి కప్పి మంచు తగలకుండా చూడాలి. తేమలో ఎండిన కాయలో అఫ్లాటాక్సిన్ చేరుతుంది, గుంటూరు మిర్చి యార్డులో కొనేవారు భయపడేదీ దానికే. తేమ పది శాతం దాకా తగ్గినప్పుడు కాయను చెవి దగ్గర ఊపితే గింజ గలగలమంటుంది. అప్పుడు గాలి చొరని డబ్బాలోకి ఎత్తుకోవచ్చు.